నిలువు కడ్డీ

మీటరు ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది. దాంతో సరిపెట్టుకునే మనిషైతే అక్కడితో వదిలేసి టీ తాగడానికి పోతాడు. పల్లంరాజు వదల్లేదు. వ్యాను దిగి మళ్ళీ వెనక్కి నడిచాడు. పొద్దుట్నించి అలా దిగడం తొమ్మిదోసారి.

రోడ్డు అంచున పోసిన రాళ్ళ మీద సముద్రం కొట్టుకుంటోంది. ఉప్పాడలో రోడ్డు ఏ నెలకా నెల సన్నబడుతూనే ఉంటుంది. వ్యాను ఎక్కడ నిలపాలో చూసుకుని నిలపాలి. వెనక బంపరుకి బిగించిన యాంటెన్నా గాలికి వణుకుతోంది. అడుగున మోచెయ్యంత ప్లాస్టిక్ గొట్టం, దాని చుట్టూ పల్లంరాజు తన చేత్తో చుట్టిన రాగి తీగ, ఆ పైన ఆరడుగుల స్టీలు కడ్డీ. కడ్డీ కింది కొస గొట్టం మీది ఇత్తడి మూతిలో దిగి ఉంటుంది. మూతి పక్కన చిన్న మర. మర వదులు చేసి కడ్డీని పైకి లాగొచ్చు, కిందికి దింపొచ్చు. గోరుమందం తేడా వచ్చినా లోపల మీటరు ముల్లు కదులుతుంది. వ్యానులోని రేడియో సెట్టులోంచి వెళ్ళిన కరెంటులో యాంటెన్నా ఎంత గాలిలోకి వదిలిందో, ఎంత మింగలేక వెనక్కి కొట్టిందో చెప్పే ముల్లు అది. ఒకటి దగ్గర ఆగితే ఏమీ వెనక్కి రానట్టు.

మర జోలికి మాత్రం అతను పోలేదు. కడ్డీ మీద ఆకురాయితో గీసిన గీత ఉంది. ఆ గీత మూతి అంచుకి సరిగ్గా తగిలి ఉండాలి. నాలుగేళ్ళ కిందట తుఫాను డ్యూటీలో అక్కడే బిగించాడు. ఇవాళా అక్కడే ఉండాలి. అదే వ్యాను, అదే కడ్డీ, అదే రాగి చుట్ట. తప్పు ఇంకెక్కడైనా ఉంటే ఉండొచ్చు గానీ గీత దగ్గర లేదు.

బంపరు కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు. బిగింపు దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుంది. నట్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. పాత కేబుల్లోంచి ఒలిచిన రాగి అల్లిక ఒక మూర కోసి, ఒక కొస బంపరుకీ ఒక కొస వ్యాను ఒంటికీ కలిపి బిగించాడు. లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఎక్కి మైకు నొక్కాడు.

ఒకటీ పాయింటు ఒకటి.

"ఏంటల్లుడూ, దాని చుట్టూ అన్ని ప్రదక్షిణాలు చేస్తున్నావు? పిల్లలు పుట్టాలా ఏంటి?"

చిన్నమ్మాయి నెత్తి మీంచి తట్ట దించి రాయి మీద పెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి. పుట్టినప్పుడు పెట్టిన పేరు మారలేదు. పల్లంరాజు ఇంటి పక్కిల్లే ఆవిడది. ఇద్దరి ఇళ్ళూ ఒకే ఏడు సముద్రంలో కలిశాయి. ఇప్పుడు రెండూ రేకుల షెడ్లే.

"నీ పని చూస్కో అత్తా."

"నా పని మీదే వచ్చాను. శనివారం ఐసు తేవాలి. ఆటోవాడు పెళ్ళికి పోయాడు. నీ వ్యాను ఖాళీయే కదా."

"ఖాళీ ఎక్కడ? ఆదివారం డ్రిల్లుంది."

"ఐసు శనివారం అంటుంటే."

ఫోను మోగింది. తణుకు నుంచి అప్పాజీ గారు. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా రిటైరై, రెండు జిల్లాల్లో హ్యామ్ రేడియో ఉన్నవాళ్ళని పోగుచేసే పని తన నెత్తిన వేసుకున్న మనిషి.

"పల్లంరాజు గారూ, ఆదివారం పదింటికండి. తుఫాను డ్రిల్లు. ఆఫీసర్లు కూడా కూచుని వింటారంట. రాజమండ్రి కంట్రోలు."

"రాజమండ్రిలో ఎవరు?"

అప్పాజీ గారు గొంతు సవరించుకున్నాడు. "ప్రసన్నకుమార్ గారేనండి. ఇంకెవరున్నారు చెప్పండి అక్కడ?"

"ఊఁ."

"మీకేవన్నా ఇబ్బందయితే..."

"నాకేం ఇబ్బంది? నేను పలుకుతాను. వినే ఉద్దేశం ఉందో లేదో ఆయన్ని కనుక్కోండి."

"అదేనండి చెప్పొచ్చేది. ఈసారి గట్టిగా ఉన్నారు. రాజమండ్రికి సూటిగా వినపడ్డ స్టేషన్నే లిస్టులో ఉంచుతారంట. వినపడకపోతే ఉప్పాడ తీసేసి కాకినాడలో ఒక బండి పెడతామంటున్నారు."

"టవర్లు కూలిపోయినప్పుడు ఇక్కడి పడవల సంగతి కాకినాడలో కూచున్నవాడు చెప్తాడా?"

"అందుకేగా మిమ్మల్ని బతిమాలుతున్నది. ముందు మనిద్దరం ఒకసారి చూసుకుందాం. రేపు పదకొండింటికి పిలవండి."

పల్లంరాజు ఫోను సీటు మీద పడేశాడు. మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ప్రసన్నకుమార్ అతని బావమరిది, పోయిన భార్య లోవలక్ష్మికి తమ్ముడు. మైకు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి అంతా పల్లంరాజే నేర్పాడు. నాలుగేళ్ళుగా మాటల్లేవు. అయినా రాజమండ్రి కంట్రోలని వినగానే పల్లంరాజు లోపల ఏదో లేచి నిలబడింది. ఇలాంటి రోజు కోసమే కాచుకుని ఉన్నాడు. రెండు జిల్లాలు వింటుండగా, గీత మీద నిలబడ్డ ఇదే యాంటెన్నాతో రాజమండ్రిని పట్టుకోవాలి. పట్టుకుంటే చాలు. నాలుగేళ్ళ కిందట తుఫాను సాయంత్రం పిలిచాను బావగారూ అని వాడు చెప్పిన మాట అబద్ధమని అందరికీ తేలిపోతుంది.

"శనివారం ఎనిమిదింటికి రా," అన్నాడు చిన్నమ్మాయితో.

"ఎప్పుడూ లేంది ఒక్కమాటకే ఒప్పుకున్నావేంటి?" అని ఆవిడ తట్ట ఎత్తుకుంది.

శుక్రవారం పదకొండింటికి పిలిచాడు. అప్పాజీ గారు పలకలేదు. కలకత్తా పలికింది. ఎవరో బెంగాలీ ముసలాయన, గొంతు పక్కసీట్లో కూచున్నట్టు ఉంది. యాంటెన్నా ఏంటని అడిగాడు. చెప్తే, వ్యాను మీంచి ఇంత బాగా రావడం అరుదని మెచ్చుకున్నాడు. ఆయన అయ్యాక నాగపూరు పలికింది. నాగపూరు అయ్యాక పల్లంరాజు తణుకుని ఆరుసార్లు పిలిచాడు. చెవి స్పీకరుకి ఆనించి విన్నాడు. నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

పదకొండున్నరకి ఫోను వచ్చింది.

"ఏవండీ, మీరు పిలవలేదా?"

"పిలవకేం. ఆరుసార్లు పిలిచాను. కలకత్తా విన్నాడు, నాగపూరు విన్నాడు, మీరు వినలేదు."

"నేనూ పిలుస్తూనే ఉన్నానండి."

"మీ సెట్టు చూసుకోండి."

"నా సెట్టులో ఇప్పుడే రాజమండ్రితో మాట్లాడాను పల్లంరాజు గారూ. అమలాపురం కూడా వచ్చింది."

"అయితే మీ కేబులు చూసుకోండి," అని ఫోను పెట్టేశాడు.

పెట్టేసి కూచోలేకపోయాడు. బ్యాటరీ తీగలు విప్పి, కొసలు గీకి మళ్ళీ పెట్టాడు. రాగి చుట్ట మీది టేపు విప్పి ఒక్కొక్క చుట్టూ గోటితో తడిమాడు. కేబులు కొస కోసి కొత్తగా అతికించాడు. టిన్ను కరిగిన వాసన ముక్కులో ఉండగానే ఎక్కి మైకు నొక్కాడు. ఒకటీ పాయింటు ఒకటి. మీటరు మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. అదే అంకె. తప్పున్నట్టు ఎక్కడా కనపడదు. కనపడని తప్పు మీద అతనికి నమ్మకం లేదు.

టీ కొట్టువాడు పంపిన గ్లాసు డాష్‌బోర్డు మీద మీగడ కట్టింది.

సీటు కింది రేకుపెట్టె లాగి, అట్ట ఊడిన లాగ్ పుస్తకం తీశాడు. ఎవరితో మాట్లాడినా రోజు, గంట, ఊరు అందులో ఎక్కిస్తాడు. రాసింది కొట్టెయ్యడు. ఒక పేజీ దగ్గర పుస్తకం దానంతటదే విచ్చుకుంది.

చిన్నమ్మాయి రోడ్డు పక్కన వల పరిచి కవళ్ళ చేపలు ఎండబెడుతోంది. తలెత్తి చూసింది.

"ఆ పుస్తకం మళ్ళీ తీశావా?"

"విను. ఆరుంబావు, కలకత్తా. ఆరున్నర, నాగపూరు. ఏడు, ఢిల్లీ. ఏడుంబావు, మళ్ళీ కలకత్తా. రాజమండ్రి అన్న పేరుందా ఎక్కడన్నా?"

"నాకు వినిపించడం ఎన్నోసారి ఇది? ఆ చేపలకి కూడా వచ్చేసి ఉంటుంది."

"ఇక్కడ టవరు పడిపోయింది. ఫోన్లు లేవు. అక్కడ రాజమండ్రి ఆస్పత్రిలో లోవలక్ష్మికి ఊపిరాడ్డం లేదు. వాడింట్లో సెట్టుంది, బ్యాటరీ ఉంది. నేనెక్కడుంటానో తెలుసు. ఒక్క పిలుపు పిలిస్తే తెల్లారేలోపు దాని మంచం పక్కనుండేవాణ్ణి."

"పిలిచానన్నాడు కదా."

"పిలిస్తే వినపడేది. ఢిల్లీ వినపడిందే నాకు! ఎనభై కిలోమీటర్లు వినపడదా? ఇంటి దగ్గర రెండు కొబ్బరిచెట్లకి తీగ కట్టుకుని రోజూ మాట్లాడేవాణ్ణి కాదూ వాడితో?"

ఆ చెట్లు రెండూ ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. చిన్నమ్మాయి అటు చూసి మళ్ళీ చేపల మీదికి వంగింది.

"పెద్దకర్మ నాడు పందిట్లో అందరి ముందూ ఈ పేజీయే చదివావు. ఆ అబ్బాయి విస్తరి ముందు కూచుని ఉన్నాడు. చెయ్యి అన్నంలో పెట్టినవాడు పెట్టినట్టే లేచిపోయాడు."

"సమాధానం ఉంటే లేస్తాడా?"

"పోతూ నీ చేతిలో ఏదో చీటీ పెట్టాడు. నేను చూశాను."

"పొయ్యిలో పారేశాను."

"ఏవుందో చదివావా?"

"చదవడం దేనికి? మనిషి పోయాక తీరుబడిగా కూచుని రాసుకొచ్చిన కాగితం."

చిన్నమ్మాయి ఒక కవళ్ళ వరస తిప్పింది. ఇంకో వరస తిప్పింది. "నాకు చదువు రాదు కాబట్టి అడిగాను. వచ్చినవాడివి, చూడాల్సింది," అంది.

పల్లంరాజు పుస్తకం మూశాడు. సాయంత్రం దాకా మళ్ళీ ఆ వ్యాను చుట్టూనే తిరిగాడు.

శనివారం ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ముందు ఆగాల్సి వచ్చింది. లోపలికి పోయే దారికి పైన అడ్డంగా ఇనప దూలం ఉంది. కడ్డీ దానికి కచ్చితంగా తగులుతుంది.

"తీసెయ్యండి దాన్ని. వెనక నాలుగు బళ్ళున్నాయి," అన్నాడు ఐజాక్. ఐసు దిమ్మలు కొక్కెంతో లాగే మనిషి. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి.

"తీయను. సరిచేసి పెట్టుకున్నాను."

"మళ్ళీ పెట్టుకోండి."

"గీత మీద ఉంది. తీస్తే మళ్ళీ అదే చోట కూచుంటుందని నమ్మకమేంటి?"

వెనకవాడు హారన్ కొట్టాడు. వ్యానులోంచి చిన్నమ్మాయి అరిచింది. "గీతో గాతో, ముందు లోపలికి పోనియ్యరా నాయనా! ఎండెక్కిపోతోంది!"

ఐజాక్ గోడకి వేలాడుతున్న వల తాడు ముక్క తెచ్చి కడ్డీ కొసకి ముడేశాడు. వ్యాను పైకప్పు మీదుగా ముందుకి లాగాడు. కడ్డీ విల్లులా వంగింది. తాడు రెండో కొస ముందు బంపరుకి బిగించి కట్టాడు. "ఇరగదులెండి. స్టీలే కదా. మళ్ళీ విప్పితే నిలబడుద్ది."

పల్లంరాజు దిగి గీత చూసుకున్నాడు. కదల్లేదు. సరేనని లోపలికి పోనిచ్చాడు.

ముందు మూడు బళ్ళున్నాయి. పది కావస్తోంది. పదింటికి రాజమండ్రి వాళ్ళు ఒకసారి సరిచూసుకుంటారని అప్పాజీ గారు అన్నట్టు గుర్తు. చేతికి ఏదో ఒక పని కావాలి. సెట్టు పెట్టాడు.

"...తణుకు, బాగా ఉందండి, థాంక్యూ. ఉప్పాడ, ఉప్పాడ. రాజమండ్రి పిలుస్తోంది. వినపడితే పలకండి. ఓవర్."

చిన్నమ్మాయి తల తిప్పి స్పీకరు వంక చూసింది. "ప్రసన్నం గొంతు కదా అది?"

పల్లంరాజు చెయ్యి మైకు మీద ఉంది. నొక్కలేదు. దొరికాడు. గీత మీద ఉన్న కడ్డీతోనే, ఐసు షెడ్డులోంచి కూడా, గంట కొట్టినట్టు వినపడుతున్నాడు. ఇక ఏం చెప్తాడు వాడు? ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"వినపడిందా అత్తా? విన్నావు కదా? నువ్వే సాక్షి!"

"దేనికి సాక్షి? పలకరాదూ, పిలుస్తున్నాడు."

"రేపు పలుకుతాను. అందరూ ఉండగా."

రెండు నిమిషాలకి మళ్ళీ పిలిచాడు. మరో రెండు నిమిషాలకి మళ్ళీ. విసుగు లేదు, గొంతు పెంచడం లేదు. ఐసు దిమ్మలు ఎక్కాయి. పల్లంరాజు మర్యాదగా ఐజాక్‌కి చెయ్యెత్తి వ్యాను బయటికి తీశాడు. ఎన్నాళ్ళకో అతని మొహం మీద నవ్వులాంటిది ఉంది. ఐజాక్ వెంట వచ్చి బంపరు దగ్గర తాడు ముడి లాగాడు. కడ్డీ కొరడాలా లేచి నిలబడింది.

"ఉప్పాడ, ఉప్పా..."

నూనె వేగుతున్న చప్పుడు.

పల్లంరాజు సెట్టు మీటలు తిప్పాడు. కేబులు కదిపాడు. ఎక్కడో ఉత్తరాదిలో ఇద్దరు హిందీలో మాట్లాడుకుంటున్నారు, తేటగా. అతను ఇంజను ఆపాడు. దిగాడు. నిలువుగా ఉన్న కడ్డీని కాసేపు చూశాడు.

"ఆ తాడు మళ్ళీ కట్టు."

"ఇప్పుడేగా విప్పింది?"

"కట్టవయ్యా."

ఐజాక్ లాగి కట్టాడు. "...పిలుస్తోంది. వినపడితే పలకండి. ఓవర్."

"విప్పు."

చప్పుడు. పల్లంరాజు వాచీ చూసుకున్నాడు. రెండు నిమిషాలు నిలబడ్డాడు. మూడో నిమిషం కూడా నిలబడ్డాడు. ఏమీ లేదు.

"కట్టు."

"...ఉప్పాడ, ఉప్పాడ, రాజమండ్రి."

"ఏం ఆటండీ ఇది?" అని ఐజాక్ నవ్వాడు. పల్లంరాజు మొహం చూసి నవ్వు ఆపాడు. ఈసారి తాడు పల్లంరాజే విప్పాడు. విప్పి, చేత్తో పట్టుకుని, నిలబడ్డ కడ్డీ పక్కన అలాగే ఉండిపోయాడు. స్పీకరులో మాట లేదు. కానీ ఈ నిమిషాన అక్కడ వాడు పిలుస్తున్నాడు. రెండు నిమిషాలకొకసారి, గొంతు పెంచకుండా పిలుస్తున్నాడు. అది ఇప్పుడు పల్లంరాజుకి తెలుసు.

కొబ్బరిచెట్ల మధ్య తీగ అడ్డంగా ఉండేది. ఉన్నచోటు నుంచి నెత్తి మీదికి పోయి, దగ్గరూళ్ళ మీద వానలా పడేది మాట. వాళ్ళ మాటా అలాగే వచ్చి పడేది. నిలబెట్టిన కడ్డీ మాటని దూరానికి విసురుతుంది, దూరం నుంచి వచ్చింది అందుకుంటుంది. తన నెత్తి మీద పడేది దానికి దొరకదు. ముప్ఫై ఏళ్ళు పడవల సెట్లు బాగుచేసిన మనిషి. ముల్లు ఒకటి దగ్గర ఆగిందని మురిసి, ఇంత చిన్న సంగతి చూసుకోలేదు. చూసుకోకుండా పందిట్లో పుస్తకం చదివాడు.

"ఐసు కరిగిపోతోందిరా!" అని చిన్నమ్మాయి అరిచింది. "నీళ్ళు కారిపోతున్నాయి, నీ మూలాన నా చేపలన్నీ కుళ్ళిపోవాలా?"

దారిలో ఆవిడ అతన్ని రెండుసార్లు కదిపి చూసింది. మూడోసారి మానేసింది.

మధ్యాహ్నం రాళ్ళ పక్కన వ్యాను పెట్టి కడ్డీ మళ్ళీ వంచి కట్టాడు. మైకు నొక్కి చూస్తే ముల్లు రెండున్నర మీదికి పోయింది. వంగి వ్యాను ఒంటికి దగ్గరైతే కడ్డీ పొడుగెక్కినట్టు లెక్క. సరిచెయ్యాలంటే లోపలికి దింపాలి. దింపితే గీత పోతుంది.

మర తిప్పే ఎలన్ కీ చేత్తో పట్టుకుని బంపరు పక్కన కూచున్నాడు. ఆదివారం వాడు పిలుస్తాడు. నిలువు కడ్డీతో కూచుంటే వినపడదు. ఉప్పాడ లిస్టులోంచి పోతుంది. కానీ పందిట్లో అన్న మాట నిలబడుతుంది. వంచి కట్టి పలికితే ఉప్పాడ ఉంటుంది. మాట ఉండదు. సముద్రం మీద నాలుగు పడవలు వరసగా వస్తున్నాయి. వాటిలో రెండింటి సెట్లు అతను బాగుచేసినవే. లేచాడు. కూచున్నాడు. లేచి కాస్త దూరం నడిచి వెనక్కొచ్చాడు.

మర వదులు చేశాడు. కడ్డీని బొటనవేలితో కిందికి నొక్కాడు. గీత ఇత్తడి మూతిలోకి దిగి కనపడకుండా పోయింది. ఇంకో అంగుళం నొక్కాడు. బిగించాడు. ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది.

చాలన్నాడు.

ఆదివారం పదింటికి రాజమండ్రి ఒక్కొక్క ఊరినీ పిలవడం మొదలుపెట్టింది. అమలాపురం పలికింది. నరసాపురం పలికింది. తణుకు నుంచి అప్పాజీ గారు తన పేరు రెండుసార్లు చెప్పాడు. చిన్నమ్మాయి వ్యాను పక్కన రాయి మీద కూచుని తమలపాకుకి సున్నం రాస్తోంది. పొమ్మంటే పోలేదు.

"ఉప్పాడ, ఉప్పాడ. రాజమండ్రి పిలుస్తోంది. వినపడితే పలకండి. ఓవర్."

పల్లంరాజు మైకు నొక్కాడు. వదిలి మళ్ళీ నొక్కాడు.

"రాజమండ్రి, ఉప్పాడ. బాగా వినపడుతున్నావు. ఓవర్."

అవతల మైకు నొక్కిన చప్పుడయింది. "ఉప్పాడ, మీరూ బాగా వినపడుతున్నారండి. మీ రిపోర్టు ఇవ్వండి."

ఇచ్చాడు. గాలి తూర్పు నుంచి. అల మామూలు. సముద్రంలో ఉన్న పడవలు పదకొండు, తిరిగొచ్చినవి ఇరవై రెండు. రాజమండ్రి ప్రతిదీ తిప్పి చదివింది. సరే అంది.

"ఇంకేమైనా చెప్పేది ఉందాండి, ఉప్పాడ?"

లేదనాలి. అంటే తర్వాతి స్టేషన్ని పిలుస్తారు. చిన్నమ్మాయి ఆకు మడవడం ఆపింది.

"ఒకటుంది," అన్నాడు పల్లంరాజు. "నా యాంటెన్నా వంచి తాడేసి కట్టాను. నిలబెడితే నువ్వు వినపడవు. నిన్న మూడుసార్లు విప్పి చూశాను. ఢిల్లీ వినపడుద్ది, నువ్వు వినపడవు." వేలు మీట మీదే ఉంది. వదిలితే మళ్ళీ నొక్కలేడు. "నాలుగేళ్ళ కిందట కూడా నిలబెట్టే ఉంది. పిలవలేదని నలుగుర్లో అన్నాను. ఇప్పుడు అందరూ వింటున్నారని చెప్తున్నాను. పిలిచావు. నాకు వినపడలేదు. ఓవర్."

చాలాసేపు చప్పుడే వచ్చింది. తాడు జారిందేమోనని పల్లంరాజు తల బయటికి పెట్టి చూశాడు. జారలేదు.

"ఉప్పాడ." గొంతు ఎప్పటిలాగే ఉంది, కాకపోతే నెమ్మదిగా. "మీకు నా దగ్గర ఒక మెసేజ్ ఉండిపోయిందండి. అప్పటిది. అందించడానికి కుదర్లేదు. తీసుకుంటారా? ఓవర్."

పొయ్యిలో చీటీ ఎలా ముడుచుకుపోయిందో పల్లంరాజుకి గుర్తొచ్చింది. పెన్సిలు కోసం వెతికాడు. చెవి మీదే ఉంది.

"పంపు."

"పంపినవారు లోవలక్ష్మి, రాజమండ్రి. అందవలసినవారు పల్లంరాజు, ఉప్పాడ. రాయించిన సమయం సాయంత్రం ఆరూ నలభై. తొమ్మిది మాటలు. రాసుకోండి."

ఒక్కొక్క మాటా రెండేసిసార్లు చదివాడు, ఎవరికైనా ఎలా చదవాలో అలాగే. పల్లంరాజు రాశాడు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడ్డాయి.

"తిప్పి చదవండి. ఓవర్."

పల్లంరాజు కాగితం స్టీరింగు మీద పెట్టుకున్నాడు. "దారిలో చెట్లు పడ్డాయంట. రాత్రి వ్యాను తియ్యొద్దని చెప్పు. తెల్లారేక..." మైకు వదిలేశాడు.

ఆమె తెల్లారకముందే పోయింది.

రాజమండ్రి తొందరపెట్టలేదు. నెమ్మదిగా అడిగింది. "ఎనిమిదే వచ్చాయండి, ఉప్పాడ. ఇంకొక్కటి ఉంది."

చిన్నమ్మాయి లేచి వచ్చి వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది.

"రమ్మను," అన్నాడు పల్లంరాజు. "తెల్లారేక రమ్మను. ఓవర్."

"తొమ్మిది. సరిపోయింది."

పల్లంరాజు రేకుపెట్టెలోంచి లాగ్ పుస్తకం తీశాడు. ఆ పేజీ దానంతటదే విచ్చుకుంది. ఆరున్నర, నాగపూరు. ఏడు, ఢిల్లీ. ఆ రెండు వరసల మధ్య చోటు లేదు. పేజీ అడుగున రెండు వేళ్ళ మందం ఖాళీ ఉంది. అక్కడ రాజమండ్రి అని రాశాడు. పెన్సిలు ఆగింది. మైకు తీశాడు.

"అందిన టైమెంత వెయ్యను, ప్రసన్నా?"

"ఇప్పటిదే వెయ్యండి, బావగారూ."

పల్లంరాజు వాచీ చూసుకుని పదీ ఇరవై ఆరు అని వేశాడు.